జలయానము - ప్రయాణికుని మూట

మన గ్రంథాలయ రజతోత్సవమును పురస్కరించుకొని సభ్యులందరు కలసి గోదావరిపై పాపికొండల విహారమునకు పోవలయునని కార్యవర్గమువారు నిశ్చయించిరి. ఆ వార్త తెలిసిన సాయంకాలముననే చదువరుల గదిలో ఒక చర్చ బయలుదేరెను. ఎవరెంత సామాను తెచ్చుకొనవచ్చును? చేతిసంచి చాలునని యొకరనిరి. పిల్లలతో వచ్చువారికి రెండు పెట్టెలైనను లేనిదే గడవదని మరియొకరనిరి. ఇదంతయు వినుచున్న వృద్ధులొకరు, పూర్వము పడవ యెక్కువారు ఇల్లే మూటగట్టుకొని పోయెడివారని చెప్పి నవ్విరి. ఆ మాట నన్ను ఆలోచింపజేసినది. మన పూర్వులు అంత సామాను ఏల మోసిరి? మనము ఏల మోయనక్కరలేదు? ఈ ప్రశ్నకు సమాధానము వెదకబోయినచో అది మన జలమార్గముల చరిత్రయే యగును. కావున దానినే ఈ సంచికకు విషయముగా గ్రహించితిని.

యాత్రికుల సామానును గూర్చి చెప్పునపుడు తెలుగువారు మొదట స్మరింపదగినవారు ఏనుగుల వీరాస్వామయ్యగారు. చెన్నపట్టణపు సుప్రీముకోర్టులో దుబాసిగా నుండిన వీరు 1830 మే 18వ తేదీన కాశీయాత్రకు బయలుదేరి, 1831 సెప్టెంబరు 3వ తేదీన తిరిగి స్వస్థలము చేరిరి. పదునైదు మాసములకు పైబడిన ఆ యాత్రలో వీరివెంట సుమారు నూరుమంది పరివారముండెను. నేలమీద పల్లకీలు, బోయీలు, గుడారములు, గంగానదిమీద పడవలు. తమ మిత్రునికి వ్రాసిన లేఖల రూపముననున్న ఈ యాత్రాచరిత్ర వీరి మరణానంతరము 1838లో అచ్చుపడెను. దానినే దిగవల్లి వేంకటశివరావుగారు 1941లో పరిష్కరించి మరల ప్రకటించిరి.

ఆ సంభారమును చూచి అది ధనికుని ఆడంబరమని తలంచుట న్యాయము గాదు. నాటి దారులలో నేటివంటి వసతిగృహములు లేవు. ఏ యూర బియ్యము దొరకునో, ఏ యూర కట్టెలు దొరకునో ముందుగా తెలియదు. దారిలో లేనిదానినెల్ల యాత్రికుడే వెంట తెచ్చుకొనవలసి యుండెను. అంత తెచ్చుకొనలేని పేదవాడు ఒక గుడ్డమూటతో, సత్రముల దయమీద, దాతల అన్నముమీద ఆధారపడి నడచెను. కాబట్టి ప్రయాణికుని మూట చిన్నదైనను పెద్దదైనను దేశస్థితికి కొలబద్దయే.

ఈ స్థితి మన ప్రాంతమున మారుటకు కాలువలు కారణమయ్యెను. సర్ ఆర్థరు కాటను దొర ఆధ్వర్యమున 1847లో మొదలిడిన ధవళేశ్వరపు ఆనకట్ట 1852లో ముగిసెను. బెజవాడకడ కృష్ణకు 1855 నాటికి ఆనకట్ట యేర్పడెను. ఈ ఆనకట్టలనుండి బయలుదేరిన కాలువలు పొలములకు నీరిచ్చుటయేగాక పడవలకు బాటలయ్యెను. ఏలూరు కాలువ గోదావరిని కృష్ణతో కలిపెను. కొమ్మమూరు కాలువ కృష్ణ పశ్చిమ డెల్టానుండి పోయి పెదగంజాముకడ బకింగ్‌హాము కాలువతో కలిసెను. 1876-78 నాటి మహాక్షామమున కూలిజనమునకు పనికల్పించుటకై ఈ తుది కాలువలో చాలభాగము త్రవ్వబడెను. అప్పటి చెన్నరాష్ట్ర గవర్నరు బకింగ్‌హాము ప్రభువు పేరు దానికి నిలిచెను. ఇట్లు కాకినాడనుండి చెన్నపట్టణము వరకు, అటుపైని దక్షిణమునకును, ఎడతెగని నీటిదారి ఏర్పడినది. ఆకలిగొన్నవారి గడ్డపారలతో త్రవ్వబడిన దారిమీద మన తాతలు పెండ్లిబృందములతోను, ధాన్యపు బస్తాలతోను పోయిరి. ఈ సంగతి మరువరానిది.

కాలువ పడవ నడచు తీరు తెలిసిననే గాని నాటి సామాను మర్మము బోధపడదు. గాలి అనుకూలించినపుడు తెరచాప, లోతు తక్కువైనచోట గెడ, తక్కిన దూరమెల్ల గట్టుమీద నడచుచు త్రాటితో పడవను లాగు మనుష్యులు - ఇవియే నాటి చోదకశక్తులు. నడచువాని వేగమే పడవ వేగము. లాకులకడ తలుపులు మూసి నీరు సమముచేయువరకు ఆగవలయును. ముందు పడవలున్నచో వంతు వచ్చువరకు నిరీక్షింపవలయును. ఒక పట్టణమునుండి మరియొక పట్టణమునకు రాత్రింబగళ్ళు పట్టుచుండెను. అందుచేత బియ్యము, పప్పు, చింతపండు, ఊరగాయ జాడి, అటుకులు, విస్తళ్ళు, ఇత్తడి చెంబు, చాప, దుప్పటి, లాంతరు - ఇవన్నియు పడవ కెక్కెడివి. లాకుకడ పడవ ఆగినపుడు గట్టున మూడు రాళ్ళుపెట్టి వంట కానిచ్చుకొనెడివారు.

ఇందు మరియొక సంగతియు కలదు. ఒకరు వండినది మరియొకరు తినని కాలమది. ఒకే పడవలో పోవుచున్నను కులమున కొక కుండ, కుటుంబమున కొక పొయ్యి. ఆ మూటలలో సగము బరువు అవసరము. తక్కిన సగము ఆచారము. నేడు విహారపడవలో అందరును ఒక్క వంటయే భుజించుచున్నాము. మన సంచి తేలికపడుటకు రైలుబండి యెంత కారణమో ఈ మార్పును అంత కారణము. నా దృష్టిలో ఇదియే మిన్న.

ఇక బరువును గూర్చి. సరంగు సామానును చూచి కసరుకొనుట నాడును కలదు, నేడును కలదు. అతని కోపమునకు కారణమును లెక్కవేసి చూతము. 12 మీటర్ల పొడవు, 2.5 మీటర్ల వెడల్పు గల చదునడుగు పడవ నొకదానిని తలచుకొనుడు. అడుగు వైశాల్యము 30 చదరపు మీటర్లు. అట్టి పడవ ఒక సెంటీమీటరు మునుగుటకు 300 కిలోల బరువు కావలయును. పదిమంది ప్రయాణికులు తలకు 30 కిలోల చొప్పున తెచ్చినను అది దిగునది ఒక్క సెంటీమీటరే. అట్లయినచో సరంగు కసరుట అన్యాయమా? కాదు. ఆ సామానును ఎక్కడ పెట్టుదురన్నదే ప్రధానము. అడుగున పేర్చిన బరువు పడవను నిలుకడగా నుంచును. అదే బరువును పైకప్పున కెక్కించినచో గురుత్వకేంద్రము పైకి జరుగును. ఒక్క పెనుగాలికి, ఒక్క సుడికి పడవ ఒరగును. దానికితోడు జనమందరు ఒక ప్రక్కకు చేరినచో చెప్పనక్కరలేదు. ధాన్యపు బస్తాలను అడుగున పరచి, మనుష్యులను పైని కూర్చుండబెట్టిన మన పడవవారు శాస్త్రగ్రంథము చదివినవారు కారు. అయినను శాస్త్రము వారి చేతులలో నుండెను.

రైలుమార్గములు వచ్చిన పిమ్మట ఈ నీటిదారుల వైభవము తగ్గజొచ్చెను. 1900లో రాజమహేంద్రవరము కడ గోదావరిపై హేవలాకు వంతెన తెరువబడెను. దినముల ప్రయాణము గంటలలోనికి వచ్చెను. అన్నము మూటతో పని తగ్గెను. తరువాత మోటారు బస్సులు వచ్చెను, లారీలు వచ్చెను. తుపానులు, మేటలు కాలువలను కొంత చెరచెను. 2008లో ఈ పాత దారినే నాలుగవ జాతీయ జలమార్గముగా ప్రకటించిరి.

కాని ఆ కాలువలమీద పోయిన సామానులన్నింటిలో మన గ్రంథాలయమువారు గర్వముతో చెప్పుకొనదగినది ఒకటి కలదు. 1935లో పాతూరి నాగభూషణముగారు గుంటూరుమండలమున పెదవడ్లపూడి, కొల్లూరుల నడుమ కాలువపై పడవ గ్రంథాలయమును నెలకొల్పిరి. పుస్తకములు పడవ కెక్కెను. పొద్దుపోని ప్రయాణికుడు చదువరి యయ్యెను. అంతకుముందు పడవ యెక్కిన ప్రతి మూటకు ఒక యజమాని యుండెను. ఈ మూట మాత్రము అందరిదియు. దీనిని తెచ్చినవాడు తనకొరకు తెచ్చినది కాదు. దిగిపోవువాడు తనవెంట తీసికొనిపోవునది కాదు. చదివినంతమేరకు మనసులో మాత్రము మోసికొనిపోవును.

ఇక మన విహారమునకు వత్తము. 2019 సెప్టెంబరు 15వ తేదీన దేవీపట్నము సమీపమున కచ్చులూరు కడ వరదగోదావరిలో విహారపడవ మునిగి యాబదిమంది వరకు ప్రాణములు గోల్పోయిన దుర్ఘటనను మనమెవ్వరము మరువలేదు. ఆ యేటిమీదనే మనమును పోవుచున్నాము. కొండలను చూచి నది కూడ కొండవలె కదలక యుండునని భ్రమపడరాదు. ఒకపూట ప్రయాణము, భోజనము పడవవారే పెట్టుదురు. కావున మనిషికి ఒక్క చేతిసంచి చాలును: ఒక దుప్పటి, మార్చుకొను బట్ట, మందులు వాడువారు మందులు, పసిపిల్లలున్నవారు వారి పాలు. సంచులన్నియు క్రింది అంతస్తున నడుమ నుంచవలయును. నడిచెడి దారికి అడ్డముగా ఒక్క మూటయు ఉండరాదు. ప్రాణరక్షక కవచము సంచిక్రింద కాదు, ఒంటిమీద నుండవలయును. నదికి వరద యున్నదని అధికారులు వలదన్ననాడు తిరిగి వచ్చుటయే పౌరుషము.

కార్యవర్గమువారికి ఒక్క మనవి. మనము మోయని పెట్టెలకు బదులుగా ఒక పెట్టె అందరి పేర మోయుదము. మన గ్రంథాలయమునుండి ముప్పది, నలుబది పుస్తకములు ఏరి, ఒక చెక్కపెట్టెలో నుంచి, పడవ అడుగున దించుదము. పాపికొండల నడుమ ఎవరికి ఏది కావలయునో తీసికొని చదువుకొందురు. సాయంకాలమునకు మరల లెక్కచూచి పెట్టెలో చేర్తురు. పాతికేండ్లుగా ఈ గదిలో జరుగుచున్నది ఇదియే కదా! ఆ ఒక్క దినము నీటిమీద జరుగును, అంతే. ఆ పెట్టె బరువునకు సరంగు కోపింపడని నా నమ్మకము.