రాజుగారి మాలిష్ సర్జన్

కీళ్లనొప్పులకు ఆవిరి పట్టించి ఒళ్లు గట్టిగా మర్దించే పద్ధతిని ఇంగ్లండులో ఒక వైద్యంగా నిలబెట్టినవాడు పట్నాలో పుట్టిన సేక్ దీన్ మహమ్మద్. 1814లో దక్షిణ తీరంలోని బ్రైటన్ పట్టణానికి చేరి, పాతికేళ్లకు పైగా అక్కడ స్నానశాల నడిపాడు. నాలుగో జార్జికీ, ఆయన తరవాత గద్దెనెక్కిన నాలుగో విలియంకూ అతడే 'షాంపూయింగ్ సర్జన్'. ఆ రోజుల్లో ఆ మాటకు అర్థం మాలిష్ చేసే వైద్యుడని.

మర్దన భారతదేశంలో పాత విద్యే. చరక సంహిత అభ్యంగాన్ని దినచర్యలో చేర్చింది. తెలుగిళ్లలో చంటిబిడ్డకు నూనె రాసి కాళ్లూ చేతులూ సాగదీసి నీళ్లుపోయడం, బాలింతకు ఒళ్లు పట్టడం, పండగపూట తలంటు, నలుగు అన్నీ ఆ కోవలోవే. ఇది వైద్యమా, సుఖమా, ఆచారమా అని ఇక్కడ ఎవరూ గీత గీయలేదు. పందొమ్మిదో శతాబ్దపు ఇంగ్లండులో ఆ గీత గీయక తప్పలేదు. డబ్బు పుచ్చుకుని పరాయివాళ్ల ఒంటిమీద చెయ్యివేసే మనిషి, ముందు తానెవరో చెప్పుకోవాలి.

దీన్ మహమ్మద్ 1759లో పుట్టాడు. తండ్రి ఈస్టిండియా కంపెనీ బెంగాల్ సైన్యంలో పనిచేస్తూ చనిపోయాడు. పదకొండేళ్లయినా నిండకుండానే కుర్రవాడు గాడ్‌ఫ్రీ ఇవాన్ బేకర్ అనే అధికారి వెంట దండులో చేరి, సుబేదారు దాకా ఎదిగాడు. 1784లో బేకర్‌తో కలిసి ఐర్లండులోని కార్క్ చేరాడు. అక్కడే జేన్ డేలీని పెళ్లాడాడు. 1794లో అచ్చయిన అతని యాత్రాగ్రంథం ఒక భారతీయుడు ఇంగ్లిషులో రాసి ప్రచురించిన మొదటి పుస్తకం. అప్పటికి వైద్యం ఊసు లేదు.

లండన్ చేరాక అతనికి బాసిల్ కోక్రేన్ దగ్గర పని దొరికింది. కోక్రేన్ మద్రాసులో కంపెనీ కొలువు చేసి, బ్రిటిష్ నౌకాదళానికి సరుకులు సరఫరా చేసి, బాగా గడించి తిరిగివెళ్లిన స్కాట్లండు దొర. పోర్ట్‌మన్ స్క్వేర్‌లోని తన భవంతిలో ఆవిరి స్నానశాల పెట్టించాడు. ఆవిరితో పాటు మర్దన కూడా చేసి మహమ్మద్ అక్కడ పేరు తెచ్చుకున్నాడంటారు. 1810లో ఆ చుట్టుపక్కలే జార్జి స్ట్రీట్‌లో 'హిందుస్తానీ కాఫీ హౌస్' తెరిచాడు. కూరలూ హుక్కాలూ వెదురు కుర్చీలూ ఉన్న ఆ భోజనశాల ఇంగ్లండులో భారతీయుడు పెట్టిన మొదటిదిగా చరిత్రకెక్కింది కానీ, యజమానిని నిలబెట్టలేదు. 1812లో దివాలా తీశాడు. మాలిష్ విద్యతో బ్రైటన్ దారి పట్టింది ఆ తరవాతే.

ఊరి ఎంపిక మాత్రం కలిసొచ్చింది. పద్దెనిమిదో శతాబ్దం మధ్యలో రిచర్డ్ రస్సెల్ అనే వైద్యుడు సముద్రపు నీరు మందని రాసినప్పటి నుంచీ రోగులూ, రోగం లేని ధనికులూ బ్రైటన్‌కు వరస కట్టారు. యువరాజుగా ఉన్న రోజుల్లోనే జార్జి అక్కడ రాయల్ పెవిలియన్ కట్టించుకున్నాడు. పైకి గుమ్మటాలూ మినార్లతో హిందుస్తానీ కోటలా కనిపించే ఆ మేడ ఉన్న ఊళ్లో, హిందుస్తానీ వైద్యం వింతగా తోచినా పరాయిగా తోచలేదు. 1821లో సముద్రానికి ఎదురుగా మహమ్మద్ స్నానశాల కొత్త భవనం తెరుచుకుంది. ఇప్పుడక్కడ క్వీన్స్ హోటల్ ఉంది.

చికిత్స రెండు దశల్లో సాగేది. మూలికలు వేసి కాచిన నీటి ఆవిరిలో రోగిని కూర్చోబెట్టి బాగా చెమట పట్టనిచ్చేవారు. తరవాత ఫ్లానెల్ గుడ్డతో కట్టిన చిన్న గుడారంలోకి పంపేవారు. మర్దన చేసే మనిషి బయటే నిలబడి, గుడ్డకు కుట్టిన చొక్కా చేతుల్లాంటి తొడుగుల్లోంచి తన చేతులు మాత్రం లోపలికి పెట్టి, కీళ్లనూ కండరాలనూ పిసికేవాడు. వేడి నిలుస్తుంది, మర్యాదా నిలుస్తుంది. ఇంగ్లిషు వారి సంకోచాన్ని ఇంత తేలిగ్గా దాటించిన ఏర్పాటు మరొకటి ఉండదేమో. ఆడవాళ్ల స్నానశాలను జేన్ చూసుకునేది. వచ్చేవారిలో ఎక్కువమంది కీళ్లవాతం, గౌట్, పక్షవాతం, బెణుకులు, బిగుసుకున్న కీళ్లతో బాధపడేవారు.

తొలి రోజుల్లో స్థానికులు నమ్మలేదు. నమ్మకం కలిగించడంలోనే మహమ్మద్ అసలు నేర్పు కనబడుతుంది. నయమైనవారు వదిలిపోయిన చంకకర్రలను స్నానశాలలో వేలాడదీశాడు. 1820లో నయమైన కేసులతో ఒక చిన్న పుస్తకం, 1822లో షాంపూయింగ్ మీద పెద్ద పుస్తకం వేశాడు. రోగులు రాసిచ్చిన కృతజ్ఞతా పద్యాలకు కూడా అందులో చోటిచ్చాడు. ఇంకో పని కూడా చేశాడు. ఆ పుస్తకంలో తన జన్మసంవత్సరాన్ని 1749 అని రాసుకున్నాడు. సైన్యంలో గడిచిన బాల్యానికి ముందు కలకత్తాలో వైద్యం నేర్చుకున్నానని చెప్పుకోవడానికి కొన్నేళ్లు కావాలి కదా! 1851లో పోయినప్పుడు సమాధి రాయిమీద కూడా 101 ఏళ్లనే చెక్కారు.

పతనానికి కారణం వైద్యం వికటించడం కాదు. విక్టోరియా రాణికి బ్రైటన్ నచ్చలేదు. స్నానశాల భవనం సొంతం కాకపోవడంతో, 1841లో భాగస్వామి చనిపోగానే అది వేలానికి వచ్చింది. మహమ్మద్ దాన్ని కొనలేకపోయాడు. చిన్న ఇంట్లో పని సాగించినా పాత వైభవం తిరిగిరాలేదు. తాత చెప్పుకున్న వైద్యవిద్యను నిజంగా చదివినవాడు మనవడు ఫ్రెడరిక్ అక్బర్ మహమ్మద్. లండన్ గైస్ హాస్పిటల్‌లో పనిచేస్తూ, మూత్రపిండాల జబ్బు లేనివారిలో కూడా అధిక రక్తపోటు ఉంటుందని గుర్తించి, 1884లో ముప్పై అయిదేళ్ల వయసుకే కన్నుమూశాడు.

యూరప్‌లో మర్దన మరో దారిలో కూడా నడిచింది. స్వీడన్‌లో కత్తిసాము గురువు పేర్ హెన్రిక్ లింగ్ 1813లో స్టాక్‌హోంలో వ్యాయామ సంస్థ స్థాపించి, శరీర కదలికలను చికిత్సగా బోధించాడు. నేటి 'స్వీడిష్ మసాజ్' ఆయన పేరుమీద చలామణి అవుతున్నా, నిమరడం, పిసకడం, తట్టడం అంటూ అందులోని పట్లను వర్గీకరించిన ఘనత ఆమ్‌స్టర్‌డామ్ వైద్యుడు యోహాన్ మెజ్గర్‌కు, ఆయన శిష్యులకు దక్కుతుంది. మెజ్గర్ డాక్టరు పట్టా పొందినవాడు. రోగుల్లో రాచకుటుంబాలవారూ ఉండేవారు. దాంతో ఆసుపత్రి తలుపులు మర్దనకు తెరుచుకున్నాయి.

ఆ వెంటే అపకీర్తి కూడా వచ్చింది. 1894లో బ్రిటిష్ మెడికల్ జర్నల్, లండన్‌లో మసాజ్ పేరిట జరుగుతున్న వ్యభిచారాన్ని బయటపెట్టింది. తమ వృత్తిని కాపాడుకోవడానికి రోసలిండ్ పాజెట్, లూసీ రాబిన్సన్ తదితర నలుగురు మహిళలు అదే ఏడాది శిక్షిత మర్దనకారుల సంఘం పెట్టారు. డాక్టరు చెబితే తప్ప మర్దన చేయకూడదు, మామూలు పత్రికల్లో ప్రకటనలు ఇవ్వకూడదు అన్నవి వారి నియమాలు. మహమ్మద్ వ్యాపారమంతా దేనిమీద నిలిచిందో దాన్నే ఇక్కడ నిషేధించారు. 1920లో రాయల్ చార్టర్ పొందిన ఆ సంఘం 1944 నుంచి ఫిజియోథెరపీ సంఘంగా పేరు మార్చుకుంది. చేతుల పని పెద్దగా మారలేదు, దానికి పూచీ పడేవారు మారారు.

మర్దనతో నొప్పి ఎందుకు తగ్గుతుందన్న దానికి మంచి వివరణ దొరికింది 1965లో. రోనాల్డ్ మెల్జాక్, పాట్రిక్ వాల్ ప్రతిపాదించిన గేట్ కంట్రోల్ సిద్ధాంతం ప్రకారం, స్పర్శను మోసే లావు నాడీతంతువులు ఉత్తేజితమైతే, సన్న తంతువులు తెచ్చే నొప్పి సంకేతాలు వెన్నుపాములో కొంతవరకు అణిగిపోతాయి. దెబ్బ తగిలినచోట చెయ్యి దానంతటదే రుద్దడం ఇందుకే. ఆ తరవాతి పరిశోధన ఈ సిద్ధాంతాన్ని చాలా సవరించింది గానీ, మూలభావాన్ని వదిలేయలేదు. నడుంనొప్పిమీద జరిగిన పరీక్షల్లో మర్దనవల్ల కొద్దికాలం ఉపశమనం కనిపించింది, దీర్ఘకాలిక లాభానికి ఆధారాలు బలహీనం. ఎముక విరిగినచోట, చీము పట్టిన లేదా వాచి ఎర్రబడిన కీలుమీద, కాలి సిరల్లో రక్తం గడ్డకట్టిందన్న అనుమానం ఉన్నప్పుడు మర్దన పనికిరాదు. చివరి సందర్భంలో గడ్డ కదిలి ఊపిరితిత్తులకు చేరే ప్రమాదం ఉంది.