చేతికి బంగారము, కంటికి కాలము

మా చెల్లెలి వివాహమునకు మేమొక బంగారు చేతిగడియారము పెట్టితిమి. నేటికి ఇరువది యేండ్లయినది. బ్రాడీపేటలోని వారి యింట అది బీరువాలోనే యున్నది. ఆమె నర్సు, ఆసుపత్రికి పోవునపుడు పాత ఉక్కు గడియారమునే కట్టుకొనును. కారణమడుగగా, “అన్నయ్యా, బంగారు దానికి సెకనుల ముల్లు లేదు. రోగి నాడి యెట్లు లెక్కపెట్టుదును?” అనినది. ఆ ప్రశ్నయే నన్నీ వస్తువు చరిత్రను విచారింప జేసినది.

చేతిగడియారము మొదట స్త్రీల సొత్తు. 1810లో నేపుల్సు రాణి కెరొలీన్ మ్యూరా పారిసు నగరమందలి బ్రెగే అను శిల్పిచే తన చేతికొక గడియారము చేయించుకొన బూనెను. అది 1812లో పూర్తియయ్యెను. బంగారు తీగెతో పేనిన వెండ్రుకల పట్టీ గల యా గడియారము నేడు కానరాదు. దుకాణపు పుస్తకములందు మాత్రము నిలిచియున్నది. 1868లో పటేక్ ఫిలిప్ వారు హంగరీ దేశపు కులీనస్త్రీ కొకతెకు అట్టిదానినే చేసిరి. ఆ కాలమున పురుషులు జేబుగడియారములనే ధరించుచు, చేతిదానిని ఆడువారి గాజుగా నెంచుచుండిరి.

1914లో ప్రారంభమైన మహాయుద్ధమున ఈ భావము మారెను. తుపాకి పట్టిన చేతితో జేబు తడవుటకు వీలుచాలక, సైనికులు ఆ గాజునే తొడిగిరి. పురుషుని చేతికెక్కిన పిమ్మట గడియారమునకు పెద్ద అంకెలు, చీకటిలో మెరయు ముండ్లు వచ్చెను. స్త్రీలది మాత్రము నానాటికి చిన్నదయ్యెను. 1929లో స్విట్జర్లాండునందు లెకూల్ట్ర్ వారు సుమారొక గ్రాము తూగు యంత్రమును నిర్మించిరి. అది మహానైపుణ్యమే, కాని నగలో దాగుటకు చేసిన నైపుణ్యము.

మన దేశమున 1961లో బెంగుళూరి హెచ్.ఎం.టి. వారు జపాను సిటిజన్ సంస్థ తోడ్పాటుతో చేతిగడియారములు చేయనారంభించిరి. 1984లో టైటన్ సంస్థ వెలసెను. దాని కర్మాగారమున్న హోసూరులో తెలుగు కుటుంబములు పెక్కు గలవు. వారి నెబ్యులా గడియారములు 18 కారెట్ల బంగారముతో చేయబడును. మన గాజులకు 22 కారెట్లు వాడుదుము గదా, ఇందేల తక్కువయని గృహిణులు శంకింపవచ్చును. 22 కారెట్లనగా నూటికి సుమారు 92 పాళ్లు బంగారము, అది మెత్తన. యంత్రమును కాపాడు డొప్ప సొట్టపడరాదు గనుక నూటికి 75 పాళ్లు బంగారము, తక్కినది రాగి మొదలగు లోహములు చేర్చి గట్టిపరతురు.

ఇంత విచారించియు మనమొకటి మరచుచున్నాము. దుకాణమున కారెట్టు అడుగుదుము, తూకమడుగుదుము, రాళ్లు నిజమైనవా యని యడుగుదుము. నిమిషములు చదువ వీలగునా యని యడుగము. ఆనాడు మేమును అడుగలేదు. కట్టుకొను నామెనైన అడుగలేదు. 1922లో మన గుంటూరున ఉన్నవ దంపతులు శారదానికేతనము నెలకొల్పినది స్త్రీ తన కాళ్లపై తాను నిలుచుటకు. అట్లు నిలిచిన స్త్రీకి తన వేళ తనకు తెలియవలదా?

మొన్న మేనకోడలు కాలేజీలో చేరినది. గడియారము కొనుటకు ఈసారి మేము పోలేదు, తల్లీకూతుళ్లనే పంపితిమి. పెద్ద అంకెలు, ఎర్రని సెకనుల ముల్లు గలదానిని తెచ్చుకొనిరి. అందు బంగారము పూత మాత్రమే. అది బీరువాలోనికి పోలేదు.