పోర్ట్ లూయిస్ రేవుమెట్లు

ఇంట తెలుగును, బడిలో కన్నడమును నేర్చి పెరిగిన చిక్కబళ్ళాపురము, బాగేపల్లి, చింతామణి ప్రాంతములవారికి, హిందూమహాసముద్రములోని యొక ద్వీపమున ఉగాది ప్రభుత్వపు సెలవుదినమని చెప్పినచో వింతగా తోచును. నేను కాపురమున్న మారిషస్ రాజధాని పోర్ట్ లూయిస్ కథ కొంత విన్నగాని ఆ వింత తీరదు.

1598లో డచ్చివారు దిగి తమ రాకుమారుడు మారిస్ పేరు పెట్టిన ఈ ద్వీపము, వారు 1710లో విడిచిపోయిన పిమ్మట ఫ్రెంచివారి వశమయ్యెను. 1735లో గవర్నరుగా వచ్చిన లాబుర్దొనే బానిసల చెమటతోను, పుదుచ్చేరినుండి రప్పించిన పనివారి నేర్పుతోను ఈ రేవును రాజధానిగా తీర్చెను. తాటివృక్షముల వరుసల నడుమ సముద్రమువైపు చూచుచు నిలిచిన అతని విగ్రహమునకు ఇక్కడివారు నమస్కరింతురు. 1746లో మన చెన్నపట్టణమును ఆంగ్లేయులనుండి గెలిచినవాడు ఇతడేయని ఎరిగిన నాకు మాత్రము చేయి లేవదు.

1810లో ద్వీపము ఆంగ్లేయుల పాలయ్యెను. రెండేండ్లకే వారు షాం ద మార్స్ మైదానమున గుఱ్ఱపు పందెములు పెట్టిరి. 1968 మార్చి 12న స్వతంత్రపతాకము ఎగిరినదియు ఆ మైదానముననే. దానికి సమీపమున గుట్టపై నున్న అడిలేడు కోట, మన గుడిబండ కోట ఎక్కినవారి కంటికి చిన్నదే. 1834లో దాని కట్టడము మొదలైనప్పుడు పాలకులు భయపడినది పరదేశపు దండునకు కాదు, బానిసత్వము రద్దగుచున్నదని ఆగ్రహించిన తెల్ల తోటదొరలకు!

బానిసలకు 1835 ఫిబ్రవరి 1న విముక్తి కలిగెను. అంతకు ముందే, 1834 నవంబరు 2న, చెఱకుతోటలకై 36 మంది భారతీయ కూలీలతో ‘అట్లాస్’ నౌక కలకత్తానుండి వచ్చి చేరెను. 1920 వరకు దాదాపు అయిదులక్షలమంది వచ్చిరి. వారిని దింపిన ఆప్రవాసీ ఘాట్ 2006లో ప్రపంచవారసత్వ స్థలమయ్యెను. పెద్దరహదారి కొఱకు కూల్చివేయగా మిగిలిన కొన్ని గోడలును, వంటశాల, వైద్యశాలల శిథిలములును, రేవునుండి పైకి వచ్చు నల్లరాతి మెట్లును అక్కడ చూడవచ్చును. ఆ మెట్లెక్కినవారికి సామాన్యముగా అయిదేండ్ల ఒప్పందము. ఒకదినము పనికి రానిచో రెండుదినముల కూలి కోత. 1867 చట్టము తరువాత ఒప్పందము తీరినవాడు సైతము తన ఛాయాచిత్రమున్న చీటి లేక తిరిగినచో ఠాణాపాలగుచుండెను. ఈ నగరమున విగ్రహములెన్ని యున్నను, నా దృష్టిలో దర్శనీయమైనది ఆ మెట్లొక్కటే.

మోకా అను ఊరిలోని మహాత్మాగాంధీ సంస్థయందు ఆనాటి వలస దస్తావేజులు భద్రముగా నున్నవి: పేరు, తండ్రిపేరు, కులము, గ్రామము, ఎత్తు, ఒంటిమీది మచ్చ. తెలుగువారిలో అనేకులు విశాఖ, గంజాం, గోదావరి మండలములవారు. కోరంగి రేవునుండి వచ్చిన ఓడలవలన వారికి ‘కోరంగివారు’ అను పేరు నిలిచెను. వారి సంతతివారు 1947లో ఆంధ్ర మహాసభను స్థాపించుకొనిరి. 1990 డిసెంబరులో మూడవ ప్రపంచ తెలుగు మహాసభలును ఇక్కడనే జరిగెను. సింహాద్రి అప్పన్న పూజ, అమ్మోరు పండుగ, రామభజనము నేటికిని విడువలేదు. ఇంటిలో మాత్రము క్రియోల్ భాషయే. పిల్లలు తెలుగక్షరములను బడిలో దిద్దుదురు. ఇంటికి వచ్చి ఆ భాషలో మంచినీళ్ళడుగుటకు వారికి తోడు లేదు.

మన చిక్కబళ్ళాపురపు తాలూకాలలో సంగతి దీనికి సరిగా తలక్రిందులు. సంతలో, పొలములో, పెండ్లిపందిటిలో తెలుగు ధారాళముగా ప్రవహించుచునే యున్నది. వ్రాయుమన్న చేయి మాత్రము కన్నడలిపివైపే పోవును. కన్నడము మనకు అన్నము పెట్టు భాష, దానిపై నాకెట్టి ఫిర్యాదు లేదు. అయినను ఈ పుటను తెలుగులో చదువగలిగిన ప్రతివారు తమ యింట నొక బిడ్డకైనను ఓనమాలు దిద్దింపవలయునని మనవి.