టాంగ్రా పొయ్యి వెనుక దేవ్‌లీ

నేడు తెలుగునాట చిన్న పట్టణాల్లో సైతం సాయంత్రమయ్యేసరికి బండ్ల మీద హక్కా నూడుల్స్ వేగుతుంటాయి. హక్కా అన్నది వంటకం పేరు కాదు, ఒక జనసమూహం పేరు. దక్షిణ చైనా నుంచి కలకత్తాకు వలస వచ్చిన హక్కా కుటుంబాలు, అగ్రవర్ణాలు మైలగా భావించిన తోలుపనిని చేపట్టి, నగరపు తూర్పు అంచున ఉన్న టాంగ్రాలో స్థిరపడ్డాయి.

1962 యుద్ధం వారి బతుకులను తలకిందులు చేసింది. అస్సాం, బెంగాల్ తదితర ప్రాంతాల నుంచి సుమారు 3,000 మంది చైనా సంతతివారిని రాజస్థాన్‌లోని దేవ్‌లీ శిబిరానికి తరలించారు. వారిలో ఈ గడ్డపై పుట్టినవారూ, చంటిబిడ్డలూ, వృద్ధులూ ఉన్నారు. నేరారోపణ లేదు, న్యాయవిచారణ లేదు. యుద్ధం నెల రోజుల్లో ముగిసింది; నిర్బంధం మాత్రం కొందరికి ఏళ్ల తరబడి సాగింది. విడుదలై వచ్చేసరికి పలువురి ఇళ్లూ దుకాణాలూ అన్యాక్రాంతమయ్యాయి. కాలక్రమంలో అనేకులు కెనడాకు తరలిపోయారు.

1996లో సుప్రీంకోర్టు కలకత్తా తోలు కర్మాగారాలను నగరం వెలుపలికి తరలించాలని ఆదేశించింది. మిగిలిన కుటుంబాలు పలువురికి భోజనశాలలే ఆధారమయ్యాయి. భార్యాభర్తలూ పిల్లలూ కలిసి నడిపే ఆ చిన్న హోటళ్లే టాంగ్రాకు దేశవ్యాప్త ఖ్యాతి తెచ్చాయి.

దేవ్‌లీ బాధితులు కోరిన క్షమాపణ ఏ ప్రభుత్వమూ చెప్పలేదు. చిల్లీ చికెన్‌ను పౌరసత్వం అడిగినవారు లేరు. వండినవారిని మాత్రం అడిగారు.