ప్లేగు కట్టించిన మేడ

"మనది ప్లేగు కట్టించిన ఇల్లమ్మా" అనేవారు మా అత్తగారు. కొత్తగా కాపురానికి వచ్చినదాన్ని, ఆ మాటకు హడలిపోయాను. తరవాత పుస్తకాలు తిరగేస్తే ఆవిడ అన్నది అక్షరాలా నిజమే!

మేముండేది ముంబయిలో, మాటుంగాలో. కింద రెండు, పైన రెండు, ఆ పైన రెండు, వెరసి ఆరు వాటాలు. లిఫ్టు లేదు. కట్టింది 1930ల్లో.

1896లో ఈ ఊళ్ళో ప్లేగు పుట్టింది. గాలీ వెలుతురూ లేని చాల్‌లలో కిక్కిరిసి ఉన్న జనం పిట్టల్లా రాలిపోయారు. లక్షలమంది ఊరు విడిచి పారిపోయారు. మిల్లులకు కూలీలు కరువై, వ్యాపారం కుంటుపడేసరికి దొరలకు చురుక్కుమంది. 1898లో ఇంప్రూవ్‌మెంట్ ట్రస్టు అని ఒకటి పెట్టారు. అది ఊరి నడుమ ఇరుకు సందులు కొట్టేసి సముద్రపు గాలి రావడానికి వెడల్పాటి రోడ్లు వేసింది. ఉత్తరాన పొలాలూ పల్లపు నేలలూ తీసుకుని దాదరు, మాటుంగా, వడాలా పేటలు వేసింది. ఇంటికీ ఇంటికీ మధ్య ఖాళీ వదలాలని, ఎత్తు ఇంతకు మించరాదని షరతులు. ఆ షరతుల పుణ్యమే మా వంటింటి కిటికీ. నేను పోపు వేస్తే ఘాటు బయటికి పోతుందే గాని ఇల్లు పట్టదు.

ఇక మేడ సోకు చూడాలి! వసారా మూల గుండ్రంగా తిరుగుతుంది. మెట్ల దగ్గర ఇనప ఊచలు ఉదయించే సూర్యుడి కిరణాల్లా విచ్చుకుని ఉంటాయి. కిటికీల నెత్తిన సన్నటి సిమెంటు చూరు, అచ్చం దిద్దిన కనుబొమ. ఆర్ట్ డెకో అంటారు దీన్ని, 1925లో పారిస్‌లో జరిగిన అలంకార కళల ప్రదర్శన నుంచి వచ్చిన పేరు. మెరైన్ డ్రైవ్, ఓవల్ మైదానం పక్కన ఉన్న ఇలాంటి మేడలకు 2018లో యునెస్కో గౌరవం దక్కింది. మాటుంగా వాళ్ళకు కనబడలేదు కాబోలు.

అన్నట్టు, ఈ ఊళ్ళో రాళ్ళెత్తిన మన తెలుగు కూలీలను కామాఠీలనేవారు. కామాఠీపురాకు ఆ పేరు వాళ్ళవల్లే వచ్చింది. పేరు నిలిచింది సరే, ఆ పేటను తలుచుకునేది మాత్రం వేరే సంగతులకు!

మా అత్తగారివాళ్ళు మొదట అద్దెకే ఉండేవారు. 1947 చట్టం అద్దెలను 1940 సెప్టెంబరు నాటి లెక్కకు కట్టేసింది. అద్దెకున్నవాళ్ళకు పండగ, ఇంటివాళ్ళకు ఏడుపు. వచ్చే అద్దె సున్నానికీ చాలకపోతే మరమ్మతు ఎవరు చేయిస్తారు? మా ఇంటాయన విసిగి అమ్మేస్తానన్నాడు. ఆరు కుటుంబాలూ చందాలేసుకుని కొని, సహకార సంఘం పెట్టుకున్నారు. ఈ ఊరికి అది కొత్తేమీ కాదు, గాందేవీలో సారస్వతులు 1915లోనే అలాంటి సంఘం పెట్టారు. మా వంతు సొమ్ము కోసం అత్తగారి కాసులపేరు పోయింది. ఆవిడ దాని గురించి ఒక్కనాడూ సణగలేదు, గోడకు మేకు కొడితే మాత్రం ఊరుకునేవారు కాదు.

ఇప్పుడు ఆ గోడే బీటలిస్తోంది. ఉప్పు గాలికీ వానకీ లోపలి ఇనుము తుప్పుపట్టి ఉబ్బుతుంది, ఉబ్బి సిమెంటును పగలదోస్తుంది. పాడైనంత మేరా చెక్కి, తుప్పు గీకి, పూత పూసి మళ్ళీ కప్పాలంటే వాటాకు లక్షల్లో తేలింది. బిల్డరేమో పైసా ఇవ్వక్కర్లేదు, పడగొట్టి పెద్ద ఫ్లాటు ఇస్తానంటున్నాడు, లిఫ్టుతో సహా. 2019 నాటి ప్రభుత్వ నిబంధనల ప్రకారం నూటికి యాభై ఒక్కమంది ఒప్పుకుంటే చాలు. ఆరు వాటాల్లో అంటే నలుగురు.

పై అంతస్తు తమిళ మామి ఒప్పేసుకున్నారు. ఆవిడ మోకాళ్ళు చూస్తే తప్పు పట్టలేం. గుడికి వెళ్ళి ఆర్నెల్లయింది, పూలమ్మి బుట్టకు తాడు కట్టి పైకి లాక్కుంటున్నారు. ఆవిడతో కలిపి ముగ్గురు. కింది వాటా మరాఠీ ఆజీ, ఆవిడ ఎదురింటివాళ్ళు ససేమిరా అంటున్నారు. మా వారు "కారుకు చోటొస్తుందిగా" అంటారు గాని, సభ్యుల పుస్తకంలో ఉన్న పేరు ఆయనది కాదు. అత్తగారు పోతూ ఈ వాటా నా పేర రాశారు.

వచ్చే ఆదివారం మీటింగు మా హాల్లోనే. ఆరుగురికీ ఉప్మా, కాఫీ నేనే చెయ్యాలి. మామిని కుర్చీలో కూర్చోబెట్టి కిందికి దింపడానికి ఇద్దరు కుర్రాళ్ళకు చెప్పి ఉంచాను.