రేసు కారుకు ఏ ఇంధనం? అల్ ఖర్జ్ నుంచి కొన్ని సంగతులు

అల్ ఖర్జ్ పేరు వినగానే ఇక్కడ చాలామందికి పాల డెయిరీలు, ఖర్జూరపు తోటలు గుర్తొస్తాయి. రియాద్‌కు ఆగ్నేయంగా 80 కిలోమీటర్ల దూరం. అక్కడుంటున్న నాకు ఈ మధ్య రియాద్ మిత్రుడొకరు ఫోన్ చేశారు. టర్బో ఉన్న కారు కొని, సెలవు రోజుల్లో ట్రాక్ మీద తిప్పడం ఆయన సరదా. "అమెరికాలో మా బావమరిది ఇ85 పోయిస్తే కారు దూసుకుపోతోందట. మనమూ ఎక్కడైనా ఇథనాల్ సంపాదించి కలుపుదామా?" అని అడిగారు. ఫోనులో తేలే సంగతి కాదు కనుక ఇలా రాస్తున్నాను.

ముందు అంకెల గొడవ. సౌదీ బంకుల్లో ఆకుపచ్చ రంగుది 91, ఎర్రది 95. ఇవి రీసెర్చ్ ఆక్టేన్ నంబర్లు. అమెరికా బంకులో కనిపించేది రీసెర్చ్, మోటార్ అనే రెండు పద్ధతుల సగటు. అంటే ఇక్కడి 91 అక్కడి 87కి దగ్గర. అక్కడి 91 కావాలంటే ఇక్కడ 95 పోయించాలి. అమెరికా నుంచి వచ్చిన కారు మాన్యువల్‌లో 91 అని చూసి ఆకుపచ్చది కొట్టించేవాళ్ళను నేనే చూశాను. ఆఫీసుకు వెళ్ళిరావడానికైతే కారు కంప్యూటర్ ఎలాగో సర్దుకుంటుంది. 45 డిగ్రీల ఎండలో, పూర్తి బూస్ట్ మీద ల్యాపులు కొడితే దానికీ చేతకాదు.

ఆక్టేన్ పెరిగితే శక్తి పెరుగుతుందని మనలో చాలామంది అనుకుంటారు. ఆ అంకె చెప్పేది ఇంధనం ఓర్పు గురించి. మంట చేరకముందే మిగతా మిశ్రమం తనంతట తాను భగ్గుమనడాన్ని నాకింగ్ అంటారు. అది జరగకుండా ఎంతవరకు తట్టుకుంటుందన్నదే ఆక్టేన్.

ఇథనాల్ ఆక్టేన్ 108 ప్రాంతంలో ఉంటుంది. పైగా ఆవిరయ్యేటప్పుడు పెట్రోలు కన్నా రెండింతలకు పైగా వేడిని పీల్చుకుని, లోపలికొచ్చే గాలిని చల్లబరుస్తుంది. మన మట్టికుండలో నీళ్ళు చల్లబడే సూత్రమే. టర్బో కార్లవాళ్ళ మోజంతా ఇందుకే. కానీ లీటరుకు దొరికే శక్తి పెట్రోలులో మూడింట రెండు వంతులే. కిలో పెట్రోలు కాలడానికి 14.7 కిలోల గాలి కావాలి, ఇథనాల్‌కు 9 కిలోలు చాలు. కనుక అదే గాలికి ఇ85 సుమారు 40 శాతం ఎక్కువ పోయాలి. పంపు, ఇంజెక్టర్లు అంత ఇవ్వలేకపోతే ఇంధనం చాలక ఇంజను వేడెక్కి దెబ్బతింటుంది.

ఈ ముక్క నేను పుస్తకం చూసి చెప్పడం లేదు. ఎమ్మెస్ రోజుల్లో మా ఫార్ములా ఎస్.ఎ.ఇ. జట్టు ఇ85కి మారింది. అప్పటి నిబంధన ప్రకారం గాలి వెళ్ళే రంధ్రం పెట్రోలు కారుకు 20 మి.మీ., ఇ85 కారుకు 19 మి.మీ. ఆ ఒక్క మిల్లీమీటరు గురించి రాత్రంతా లెక్కలు వేశాం. పాత ఇంజెక్టర్లు చాలతాయా అని ఒక్కరమూ అడగలేదు. డైనో మీద మూడో పరుగులో పిస్టన్‌కు బెజ్జం పడింది. ఆ సెమిస్టర్ డబ్బంతా దానితోనే సరి.

ఇండీకార్ 2007లో ఇథనాల్‌కు, నాస్కార్ 2011లో ఇ15కి, ఫార్ములా వన్ 2022లో ఇ10కి మారాయి. మనూళ్ళ బంకుల్లోకీ ఇ20 వచ్చేసింది. అయితే ఆ రేసు ఇంజన్లను ఆ ఇంధనానికి తగ్గట్టే సిద్ధం చేశారు.

సౌదీలో ఆక్టేన్ పెంచడానికి వాడుతూ వచ్చింది ఎం.టి.బి.ఇ. అది జుబైల్‌లోనే తయారవుతుంది. ఇక ఇథనాల్ అంటారా, మద్యం నిషేధమున్న దేశంలో డిక్కీలో డ్రమ్ము పెట్టుకుని తిరిగే వస్తువు కాదది. ఇకామా మీద బతికేవాళ్ళం, చెక్‌పోస్టులో "ఇది కారు కోసమండీ" అని వచ్చీరాని అరబిక్‌లో చెప్పుకోగలమా? పోనీ మెథనాల్ అంటే అది విషం, చర్మం గుండా కూడా ఒంట్లోకి వెళుతుంది. దాని మంట పగటి వెలుగులో కంటికి కనబడదు. సీసం ఉన్న రేసు పెట్రోలు ఆక్సిజన్ సెన్సర్‌ను, కెటలిటిక్ కన్వర్టర్‌ను పాడుచేస్తుంది. ఆక్టేన్ బూస్టర్ సీసాల మీద "5 పాయింట్లు" అని ఉంటే చాలాసార్లు దాని అర్థం అర ఆక్టేన్. మాంగనీసు కలిసినవైతే స్పార్క్ ప్లగ్గుల మీద ఎర్రటి పొర కూడా కడుతుంది.

అందుకని మిత్రుడికి చెప్పింది ఇదీ: రద్దీగా ఉండే బంకులో 95 పోయించండి, బూస్ట్ కాస్త తగ్గించండి, ఇగ్నిషన్ టైమింగ్ రెండు మూడు డిగ్రీలు వెనక్కి పెట్టించండి, డబ్బులుంటే పెద్ద ఇంటర్‌కూలర్ కొనండి, ఎండ దిగాకే ట్రాక్ ఎక్కండి. ఆయనకు ఇది రుచించలేదు, బావమరిది ముందు చిన్నతనమట. వచ్చే గురువారం రాత్రి ల్యాప్‌టాప్ పట్టుకెళ్ళి, నాకింగ్ ఎంత వస్తోందో కారు కంప్యూటర్‌లోనే చూపిస్తానన్నాను.