డిసెంబర్ ఇరవై మూడు

సింగరేణి వయసెంత అని అడిగితే మన కోల్‌బెల్టులో రెండు జవాబులు వస్తాయి. సెంటినరీ కాలనీ పేరు పెట్టినవాళ్ల లెక్కలో 1989కే వందేళ్లు నిండాయి. కంపెనీ జెండా ఎగరేసే లెక్కలో వందేళ్లు నిండింది 2020 డిసెంబర్ 23న. ఒక్క సంస్థకు ముప్పై ఒక్క ఏళ్ల తేడాతో రెండుసార్లు వందేళ్లు! విచిత్రమేమంటే రెండు లెక్కలూ సరైనవే.

1871లో జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియాకు చెందిన విలియం కింగ్ ఇల్లెందు దగ్గర బొగ్గు ఉన్నట్టు కనిపెట్టాడు. 1886లో ఇంగ్లండులో ఏర్పడిన హైదరాబాద్ దక్కన్ కంపెనీ తవ్వకం హక్కులు తీసుకుంది. 1889లో ఇల్లెందులో బొగ్గు తీయడం మొదలైంది. సెంటినరీ కాలనీ వాళ్లు లెక్క పెట్టింది ఇక్కడి నుంచి. ఆ తర్వాత 1920 డిసెంబర్ 23న హైదరాబాద్ కంపెనీల చట్టం కింద సింగరేణి కాలరీస్ కంపెనీ లిమిటెడ్ రిజిస్టరైంది. పాత కంపెనీ ఆస్తులూ అప్పులూ దాని చేతికి వచ్చాయి. మనం ఏటా సింగరేణి డే అని జరుపుకునేది ఈ కాగితం పుట్టినరోజు. అప్పటికే ముప్పై ఒక్క ఏళ్లుగా మనుషులు బాయిలోకి దిగుతూనే ఉన్నారు. ఆ పొద్దు తట్ట ఎత్తినవాళ్లకు యజమాని పేరు మారిన సంగతి ఎన్నాళ్లకు తెలిసిందో, అసలు ఎవరైనా చెప్పారో లేదో.

ప్రేయర్‌లో వార్తలు అయ్యాక ‘ఈ రోజు ప్రత్యేకత’ చదివే పని మన బడిలో రెండేళ్లు నా మీద పడింది. తర్వాత చరిత్ర పాఠాలు చెప్పే ఉద్యోగంలో చేరినా ఆ అలవాటు పోలేదు. పాత డైరీలో ఒక్కో తేదీ కింద ఒక్కో సంగతి రాసుకుంటూ వచ్చాను. డిసెంబర్ 23 పేజీ నిండిపోయి అంచుల మీదికి ఎక్కింది.

అందులో నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది ఐర్లాండ్. సరిగ్గా సింగరేణి రిజిస్టరైన రోజునే, అంటే 1920 డిసెంబర్ 23నే, లండన్‌లో గవర్నమెంట్ ఆఫ్ ఐర్లాండ్ చట్టానికి రాజు ఆమోదం లభించింది. ఐర్లాండును ఉత్తరం, దక్షిణం అని రెండుగా విడదీసిన చట్టమది. ఆ గీత మీద తర్వాత ఎంత రక్తం పారిందో లోకమంతా చూసింది. హైదరాబాద్ కాగితానికీ లండన్ కాగితానికీ ఏ సంబంధమూ లేదు. కానీ రెండూ ఎక్కడో ఆఫీసుల్లో తయారై, తమను ఎన్నడూ చూడని ఊళ్ల బతుకులను తరాల తరబడి నడిపించాయి.

మిగతావి తొందరగా చెప్పేస్తాను. 1902లో చరణ్ సింగ్ పుట్టింది ఈ రోజే. రైతు దినోత్సవం అందుకే. 1921లో శాంతినికేతన్‌లో విశ్వభారతి ప్రారంభమైంది. 1947లో అమెరికాలో బెల్ ల్యాబ్స్‌వాళ్లు కొత్తగా కనిపెట్టిన ట్రాన్సిస్టర్‌ను తమ అధికారులకు చూపించారు. క్వార్టర్‌లో గూట్లో పెట్టుకున్న రేడియోను మనం ‘ట్రాన్సిస్టర్’ అనే పిలిచేవాళ్లం కదా, దాని మూలం అదే.

2004 మాత్రం మన గడప దగ్గరి సంగతి. ఆ డిసెంబర్ 23న పి.వి. నరసింహారావు ఢిల్లీలో కన్నుమూశారు. దేశానికి ఆయన ప్రధానమంత్రి. మనకు పక్కనున్న మంథని ఎమ్మెల్యే. 1957 నుంచి వరుసగా నాలుగుసార్లు అక్కడి నుంచే గెలిచారు. గోదావరి ఒడ్డున అడవి కొట్టి బాయిలు తెరిచి, వాటి చుట్టూ గోదావరిఖని ఊరుగా పెరిగిన కాలమంతా పక్క నియోజకవర్గానికి ఆయనే ప్రతినిధి. 1971లో ముఖ్యమంత్రి అయ్యారు, భూసంస్కరణలు తలకెత్తుకున్నారు, 1973 జనవరిలో జై ఆంధ్ర ఉద్యమం నడుమ దిగిపోయారు. అంత్యక్రియలు ఢిల్లీలో కాక, 25న హైదరాబాద్‌లో హుస్సేన్‌సాగర్ ఒడ్డున జరిగాయి. భారతరత్న ప్రకటన వచ్చేసరికి 2024 అయింది. ఆయన విధానాల మీద మన బాయిల్లోని యూనియన్లకు ఉన్న కోపం నాకు తెలుసు. 1990లలో సింగరేణి నష్టాల్లో పడి బీఐఎఫ్‌ఆర్ గడప తొక్కిన రోజులు మన బ్యాచ్‌ల ఇళ్లలో ఎవరూ మరిచిపోరు. అయినా మన దగ్గర పెరిగిన మనిషిని మనం తక్కువగానే చదివామని నా అభిప్రాయం.

2009 గురించి యాభై దాటినవాళ్లకు నేను చెప్పాల్సింది లేదు. డిసెంబర్ 9 రాత్రి రాష్ట్ర ఏర్పాటు ప్రక్రియ మొదలవుతుందని చిదంబరం ప్రకటిస్తే వీధుల్లో టపాకాయలు కాల్చాం. సరిగ్గా రెండు వారాలకు, సింగరేణి డే నాడే, ఇంకా విస్తృత సంప్రదింపులు కావాలని అదే మంత్రి నుంచి రెండో ప్రకటన వచ్చింది. మర్నాటి నుంచి బందులు. ఆ 23వ తేదీ మాటకు బాయిలు ఇచ్చిన జవాబు 2011 సెప్టెంబర్ 13న మొదలైన సకల జనుల సమ్మెలో ఉంది. నెలకు పైగా బొగ్గు ఆగిపోయింది. కరెంటు కోతలు హైదరాబాద్‌ను తాకితే గానీ ఈ ప్రాంతం పేరు చాలామంది నోట రాలేదు.

తేదీలో మహిమ ఏమీ లేదు. ఏడాదికి ఉన్నవే 365 రోజులు. ఏ రోజు తవ్వినా ఏదో ఒకటి దొరుకుతుంది. తవ్వి తీసినవాటిలో దేనికి జెండా కడతాం, దేన్ని డైరీలోనే ఉంచుతాం అన్నది మాత్రం మనుషులు తీసుకునే నిర్ణయం. డిసెంబర్ 23న స్టాళ్లు, ఆటల పోటీలు, ఉత్తమ కార్మికులకు సన్మానం ఉంటాయి, ఉండాలి కూడా. నా డైరీలో జూన్ 16 పేజీ ఇంకోలా ఉంటుంది.

2003 జూన్ 16న గోదావరిఖని 7 ఎల్‌ఈపీ గనిలోకి నీళ్లు చొచ్చుకొచ్చి 17 మంది చనిపోయారు. అదే ఏడాది అక్టోబర్‌లో 8ఏలో పైకప్పు బండ కూలి మరో 10 మంది పోయారు. అదే పేజీలో పైన ఇంకో సంగతి ఉంది. 1976 జూన్ 16న దక్షిణాఫ్రికాలోని సొవెటోలో, తమకు ఆఫ్రికాన్స్ భాషలో చదువు చెప్పొద్దని బడిపిల్లలు వేలమంది ఊరేగింపు తీస్తే పోలీసులు కాల్చారు. పక్కనున్న జోహన్నెస్‌బర్గ్ కూడా గనుల మీద లేచిన నగరమే. వర్ణవివక్ష పోయాక అక్కడివాళ్లు ఆ తేదీని యువజన దినంగా, జాతీయ సెలవుగా చేసుకున్నారు.

సెలవు అడగడం లేదు. మన బడులు తెరిచేది జూన్ 12 ప్రాంతంలో. 16వ తేదీకి పుస్తకాలు ఇంకా అందరికీ పంచి ఉండరు, టైమ్‌టేబుల్ కుదిరి ఉండదు, ప్రేయర్ కాస్త సాగినా ఏ సారూ గడియారం చూసుకోరు. ఆ పదిహేడు మంది పేర్లు చదవడానికి రెండు నిమిషాలు పట్టదు. స్వర్ణోత్సవ సంఘం హెడ్మాస్టర్ గారికి ఒక ఉత్తరం రాస్తే, మొదటి సంవత్సరం ఆ పేర్లు చదవడానికి నేను వస్తాను.